హైమ కట్టిన భాష

తొండియార్‌పేట,
9-8-1974.

శ్రీవారి పాదాలకు నమస్కరించి కస్తూరి రాయునది. ఇక్కడ నేనూ, హైమా, అత్తమ్మా బాగానే ఉన్నాము. విశాఖ షిప్‌యార్డులో వెల్డింగు పనికి మండిన మీ కళ్ళు నిమ్మళించాయని రాశారు, ఊరటగా ఉంది. అత్తమ్మ మోకాలి నొప్పి సగం తగ్గింది. కొళాయి నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజే.

హైమ మీకు రాయడం ఎందుకు మానిందని అడిగారు. ఆ సంగతికే వస్తున్నాను.

మన పిల్ల ఒక భాష కట్టిందండీ. ఎవరూ నేర్పలేదు. వచ్చాను, వచ్చావు, వచ్చింది అని మనం మనిషిని బట్టి మారుస్తామే, దాని భాషలో ఆ తేడా లేదు. కలెక్టరుకైనా కూరగాయల పొన్నమ్మకైనా ఒకటే మాట. 'లిమ' అంటే అడగడం. అడగడం అయిపోతే లిమో, ఇప్పుడు జరుగుతుంటే లిమే, ఇకముందైతే లిము. ఇలా రెండు వందల క్రియలు! ఈ వారమంతా అడ్డదిడ్డంగా, అడిగినవే మళ్ళీ అడిగి చూశాను. బియ్యం ఏరుతూనే ఒక్కటీ తప్పకుండా చెప్పింది. పద్నాలుగేళ్ళ తలలో ఇంత ఎక్కడ పట్టిందా అని చూస్తూ ఉండిపోయాను.

ఇక మీ దగ్గర దాచిన మాట. జూన్‌లో దాని పెట్టెలో, ఈ భాష రాసుకున్న నోటుబుక్కు దొరికింది. తెలుగు అక్షరాలే, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవడికో రాసే దొంగ ఉత్తరాలనుకున్నాను. దాన్ని అడగలేదు. పొయ్యిలో పెట్టేశాను.

అది ఏడవలేదు. నాతో మాట మానేసింది. మీకు రాస్తే ఇది కూడా రాయాల్సి వస్తుందని, మీరు నన్ను కోప్పడతారని, మీకూ రాయలేదట. కొత్త నోటుబుక్కు తెచ్చుకుని, చూసి రాసుకోవడానికి చిన్న కాగితమైనా లేకుండా, పదకొండు రోజుల్లో అంతా తిరిగి నిలబెట్టింది. ఏం రాస్తున్నావని అత్తమ్మ అడిగితే చెప్పింది, అప్పుడుగానీ అదొక భాషని నాకు తెలియలేదు.

మొన్న ఆదివారం వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాల్చింది తప్పేనన్నాను, నాకూ నేర్పమన్నాను. నోటుబుక్కు తెరిచి ఒక వాక్యం రాసింది: లిమరన్, తోసరన్.

"అట్లంటే ఏంది హైమా?"

"నువ్వు అడిగుంటే చెప్పుండేదాన్ని. కడాన 'రన్' వచ్చిందంటే ఇంక జరగదు మా, అయిపోయింది."

ఇంకా జరిగే వీలున్నదానికి మాట లేదా అన్నాను. నా మొహంకేసి చూసింది. పెన్సిలు తీసుకుని రెండుచోట్లా చివరి 'న్' కొట్టేసి, 'ర'కి దీర్ఘం పెట్టింది.

"లిమరా, తోసరా. అడిగితే చెప్తాను."

అడిగాను. పొయ్యి మీద అన్నం పొంగిపోతున్నా ఇద్దరమూ లేవలేదు. ఇప్పటికి నాకు పదిహేడు క్రియలు వచ్చాయి.

ఇట్లు,
మీ ఇల్లాలు
కస్తూరి