అన్న ఒంటికి కుదిరిన స్వెటర్

సికింద్రాబాద్

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా నువ్వుంటే మొదట అడిగే మాటకు జవాబు రాయకుండా ఉండలేను. నీ పెద్దకొడుకు మాట్లాడుతున్నాడు.

నువ్వు పోయేనాటికి నిజాం జైల్లో ఉన్న అన్న, పోలీసు యాక్షన్ అయ్యాక విడుదలై వచ్చాడు. కానీ నోరు విప్పలేదు, గడప దాటలేదు. నేను కరపత్రాల్లో చదివిన స్వేచ్ఛ, సమానత్వం గురించి గొంతు చించుకున్నాను.

"నీ లెక్చర్ ఆపురా! వాడేమన్న మీటింగుల కూసున్నడా?" అని నాన్న కసిరాడు.

ఆ కోపంలో నీ సూదులు, ఊలు తీశాను. అన్న పాత చొక్కా కొలతతో చేతుల్లేని స్వెటర్ మొదలుపెట్టాను. చంకల దాకా అల్లాక మనిషికి తొడిగి చూడందే ముందుకు పోవద్దనేదానివి కదా. తొడిగితే అందులో ఇంకో మనిషి పట్టేటట్టుంది. జైలు అన్నను అంతగా తినేసింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. మొత్తం విప్పేసి, తన ఒంటినే కొలిచి మళ్లీ అల్లాను. ఈసారి సూదులతో సహా తొడిగి, చెయ్యి ఎత్తమన్నాను. ఎత్తాడు.

"జెర మెల్లగరా! గిట్ల పొడుస్తవేందిరా? నీకన్న జైలోళ్లే నయం."

"ఇంకోపారి పొడువురా వాణ్ని!" అని నాన్న మంచం మీంచి లేచాడు. ముగ్గురం నవ్వాం.

నిన్న పూర్తయింది. చంకల కింద వదులు లేదు, మెడ దగ్గర బిగువు లేదు. పొద్దున అది తొడుక్కుని, "మోండా మార్కెట్‌కు పోయొస్తా" అని ఒక్కడే బయలుదేరాడు.

ఇంకా రాలేదు. నాకు భయం వెయ్యడం లేదమ్మా.