మధ్యాహ్నం మాత్ర

పటమట, 20-12-96

ఆస్రా అబ్బాజాన్‌కి సలాం,

మీ కూతురి గుండె మళ్లీ పరుగందుకుంది. బడికి జడ వేస్తుంటే గౌను మీదే తెలిసిపోయింది, టపటపా కొట్టుకుంటోంది. డాక్టరుగారు ఇంజెక్షన్‌తో దారికి తెచ్చి, మూడు పూటలా మాత్ర రాశారు. “ఒక్క పూట కూడా మానకూడదమ్మా” అని మరీమరీ చెప్పారు. మధ్యాహ్నం మాత్ర అన్నం డబ్బాతో పంపుతున్నాను, తనే వేసుకుంటోంది. మీరక్కడ కుట్టుమిషను ముందు దిగులుపడి కూర్చోకండి. ఆ పనికి నేనున్నానుగా.

మీ ఫౌజియా

హైదరాబాదు, 5-1-97

ప్రియమైన ఫౌజియాకి,

మాత్రలు జాగ్రత్త. రంజాన్ వచ్చేస్తోంది. తన కూతురు అన్వరీ ఏడేళ్లకే రోజా ఉపవాసాలు ఉందని అన్నయ్య ఊరంతా చాటుకుంటున్నాడు. మన ఆస్రాకి ఎనిమిదేళ్లు, అదేం తక్కువా? ఈ ముక్క దానికి చదివి వినిపించు: “ఆస్రా తల్లీ, నువ్వూ రోజాలుంటే పండక్కి జరీ అంచు గౌను కుట్టి తెస్తా.” ఉత్తినే అన్నాలే, ఉండనివ్వకు. గౌను ఎలాగూ కుడతాను.

నీ ఖాసిం

విజయవాడ, ఆసుపత్రి, 29-1-97

ఏమండీ,

ఆస్రా నిన్న బడిలో పడిపోయింది. ఇంజెక్షన్ ఇస్తే గుండె కాసేపు నెమ్మదిస్తోంది, మళ్లీ మొదలు. “మాత్రలు మానిందా?” అని డాక్టరుగారు అడిగారు. ఖురాన్ మీద ఒట్టేసి లేదన్నాను. అయితే ఈ మందు పనిచేయట్లేదని ఇంకా బలమైనది ఎక్కించారు. బీపీ పడిపోతోంది. నాకు ఆశ లేదండీ. మీ షాపు ఫోను కలవట్లేదు, ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. వెంటనే రండి.

ఫౌజియా

హైదరాబాదు, 16-2-97

ఫౌజియా,

బిడ్డని మట్టిలో పెట్టి వచ్చి రెండు వారాలైంది, మిషను మీద కాలు ఆడట్లేదు. ఆ మందే దాన్ని మింగేసింది. డాక్టరుని వదలను, కేసు వేస్తాను. ఒక్క మాత్ర కూడా మానలేదని నువ్వు కోర్టులో చెప్పాలి.

ఖాసిం

పటమట, 22-2-97

ఆస్రా అబ్బాజాన్‌కి,

కేసు వద్దు. నిన్న బడివాళ్లు దాని సంచి పంపారు. పెన్సిల్ డబ్బాలో తొమ్మిది మాత్రలున్నాయి, కాగితంలో చుట్టి. కాగితం మీద దాని రాత: “అబ్బాజాన్, తొమ్మిది రోజాలు అయ్యాయి. అమ్మీకి చెప్పకు.” నేను రోజాకని తెల్లారకముందే లేస్తే, అదీ నాతోపాటు లేచి తింటుంటే సరదా పడుతోందనుకున్నాను. మాత్ర మింగినా రోజా పోతుందని దాచేసింది. బడిలో అన్నం ఎవరికి పెట్టేసేదో ఏమో.

మీరు “ఉత్తినే అన్నాలే, ఉండనివ్వకు” అని రాశారు. ఆ ముక్క నేను దానికి చదవలేదు. గౌను మాట వినగానే దాని మొహం వెలిగిపోయింది, పాడుచేయబుద్ధి కాలేదు. తర్వాత మర్చిపోయాను.

డాక్టరుగారి ముందు ఒట్టేసింది కూడా నేనే. కోర్టులో ఏం చెప్పమంటారు?

మీ ఫౌజియా