చెల్లి నెత్తిన గిన్నె

బోల్స్వర్డ్, నెదర్లాండ్స్
4 ఆగస్టు 1991

చెల్లి హిస్కెకి, అన్నయ్య సీబ్రెన్ ఆశీస్సులు.

నీ అరవయ్యో పుట్టినరోజుకి రమ్మన్నావు. నువ్వు దేశం విడిచిన ముప్ఫై ఆరేళ్ళ తర్వాత ఇద్దరం కలిసి సైకిలు తొక్కుదామన్నావు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. రెండో పేజీకి వచ్చేసరికి ఒళ్ళు మండింది. మీ ఆస్ట్రేలియాలో సైకిలుకి కూడా హెల్మెట్ లేకపోతే పోలీసు ఆపుతాడా? యాభై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసినవాణ్ణి, నెత్తిన గిన్నె బోర్లించుకుని ఊరేగలేను. ఆ చట్టం ఉన్నన్నాళ్ళూ నేను రాను.

ఇట్లు,
అన్నయ్య

తా.క. అమ్మ గుడ్ల బుట్ట తగిలించుకుని మంచులో కూడా సైకిలే తొక్కింది. ఒక్క గుడ్డూ పగల్లేదు.

మెల్‌బోర్న్
14 ఆగస్టు

మా మొండి అన్నయ్యకి,

పోయిన వారం ట్రామ్ పట్టాల్లో చక్రం ఇరుక్కుని పడ్డాను. హెల్మెట్ రెండు ముక్కలైంది, తల ఒక్కటిగానే ఉంది. ఇంకేం చెప్పాలి? నువ్వు రావాలి.

నీ హిస్కె

తా.క. పగల్లేదా? అమ్మ పడ్డప్పుడల్లా ఇంటిల్లిపాదీ మూడు పూటలా ఆమ్లెట్లు తిన్నది మర్చిపోయావా?

బోల్స్వర్డ్
24 ఆగస్టు

హిస్కెకి,

పట్టాల్ని అడ్డంగా దాటాలని నీకు ఏడో ఏటే నేర్పాను. హెల్మెట్ ఉందన్న ధీమాతో నువ్వు చూసుకోలేదు, నీకు హెల్మెట్ ఉందన్న ధీమాతో కార్లవాళ్ళు మరీ దగ్గరగా పోతారు. చట్టానికి జడిసి జనం సైకిళ్ళు మూలన పడేస్తారు. వీధినిండా సైకిళ్ళుంటే కార్లే ఒదిగి పోతాయి. అదీ అసలు హెల్మెట్!

ఇట్లు,
అన్నయ్య

తా.క. తల నిజంగా బావుందా? నీ మాట నమ్మను. ఫోటో పంపు.

మెల్‌బోర్న్
3 సెప్టెంబరు

అన్నయ్యకి,

అడిగావుగా, ఇదిగో ఫోటో. నిన్ననే తీయించుకున్నాను. బాగానే ఉన్నాను.

నీ హిస్కె

తా.క. ఇంకో నెల రోజులు ఇలాగే తిరగాలి.

బోల్స్వర్డ్
13 సెప్టెంబరు

నా బంగారు తల్లీ,

నీ నెత్తిన ఆ తెల్లగుడ్డ కట్టులోంచి పొడుచుకొచ్చిన తీగలు పద్నాలుగు! మన డాక్టరుకి చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఇలాంటి వైద్యం తానెక్కడా చూళ్ళేదన్నాడు. ఫోటోలో సైకిలు పట్టుకుని నిలబడ్డావు, ఆ తలతో నిన్ను ఎక్కనిస్తున్నారా? ఫోను చేస్తే ఎత్తవు. టికెట్ కొనేశాను. ఇరవై ఎనిమిదిన దిగుతాను.

అన్నయ్య

తా.క. గిన్నె కూడా పెట్టుకుంటాను. నేనొచ్చేదాకా నువ్వు బతికుండు.

మెల్‌బోర్న్
22 సెప్టెంబరు

అన్నయ్యకి,

నువ్వు బయల్దేరాక మీ ఇంటికి చేరేలా ఈ ఉత్తరం వేస్తున్నాను. తిరిగెళ్ళి తలుపు తీయగానే కాళ్ళ దగ్గర ఉంటుంది.

అప్పటికి నీకు తెలిసిపోయి ఉంటుంది. అవి ఆసుపత్రి తీగలు కావు, ప్లాస్టిక్ పట్టీలు. ఇక్కడ సెప్టెంబరులో వచ్చే వసంతంలో మాగ్‌పై పిట్టలు గూళ్ళు కాచుకుంటూ సైకిళ్ళవాళ్ళ నెత్తిన పొడుస్తాయి. వాటిని బెదరగొట్టడానికి తెల్లగుడ్డ తొడుగు వేసిన హెల్మెట్‌కి అలా ముళ్ళలా కట్టుకుంటాం. ఆ సంగతి ఫోటోతో పాటు రాయడం మర్చిపోయాననుకుని ఉంటావు. మర్చిపోలేదన్నయ్యా. ఒక పేజీ రాసి చింపేశాను. నా తలకేదో అయిందంటే తప్ప నువ్వు కదలవని తెలుసు. ముప్ఫై ఆరేళ్ళు చాలు.

నీ హిస్కె

తా.క. మూడు రోజులు ఫోను మోగుతూనే ఉంది. పక్కనే కూర్చుని ఏడ్చాను కానీ ఎత్తలేదు.

ఇంకో తా.క. మాట తప్పి, మొదటిరోజు గిన్నె లేకుండానే బయల్దేరి ఉంటావు. మా గేటు పక్క చెట్టు మీదే ఓ పిట్ట గూడుంది. రెండోరోజు ఎన్ని ముళ్ళు కట్టించుకున్నావో రాయి.