ఇడువు అన్న మాట

బావకు,

నీ భార్య పద్మలత నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తమ్మ, నేను, మన బర్రె ముగ్గురం బాగున్నాం. భివండిలో నువ్వు వేళకు తింటున్నావని, మరమగ్గాల దుమ్ముకు వచ్చిన దగ్గు తగ్గిందని అనుకుంటున్నాను.

నువ్వు పంపిన ఉత్తరం, దుప్పటి రెండూ ప్రతాప్ అన్న తెచ్చి ఇచ్చాడు. భివండికి తిరిగి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం తెస్తాడు. ఫోన్లో నాకు నోరు పెగలదు. పక్కన అత్తమ్మ ఉంటే అసలే పెగలదు. ఏడో తరగతితో ఆగిన చదువు కదా, తప్పులుంటే నవ్వుకో.

నువ్వు అడిగినవి చెబుతాను. పత్తి ఏరడం మొదలైంది. వాగు ఒడ్డు మడిలో ఇసుక మేట తీయించాం. ఇంటి మీద కొత్త రేకులు వేశారు. వాటి మీద వాన పడితే ఇప్పటికీ గుండె దడదడమంటుంది కానీ, ముందటిలా బయటికి ఉరకడం లేదు.

భూపాలపల్లి దవాఖానకు ఎందుకు పోతున్నావు, జ్వరమా అని అడిగావు. జ్వరం కాదు బావా. పోయినేడు వరద వచ్చినప్పటి జడుపు. అత్తమ్మ ముందు తాయెత్తు కట్టించింది. తర్వాత, "కాళేశ్వరం పోయి గోదాట్ల మూడు మునుగులు మునిగితే జడుపు పోతది" అంది.

"నీళ్లకు జడుసుకున్నదాన్ని నీళ్లల్లనే ముంచుతవా అత్తమ్మా?" అన్నాను.

"అబ్బో, నోరచ్చిందే నీకు! గట్లయితే దవాఖానకే పోదాం పా" అంది.

అక్కడ అనిత మేడం మనసుకు దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం చేస్తుంది. జడుపు అంటే నవ్వలేదు. ఏది విన్నప్పుడు వస్తుంది, ఏది చూస్తే వస్తుంది అని నిదానంగా అడిగింది. నిద్ర పట్టకపోతే గోలీలు కొంత సాయం చేస్తాయంది. అసలు వైద్యానికి మాత్రం రెండు దారులున్నాయంది. ఒకటి, ఆ రోజును మనసులో పెట్టుకుని, మేడం వేలు ఎటు కదిలితే అటు కళ్లు తిప్పడం. రెండోది, జరిగిందంతా ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి నుంచి చివరి దాకా చెప్పడం, మళ్లీ మళ్లీ చెప్పడం, నేను తప్పించుకు తిరిగే చోట్లకు మెల్లగా పోవడం.

"రెండూ మంచియే. నువ్వు మాట్లాడుడే తక్కువ గద, కండ్లు తిప్పుడు నీకు అల్కగ, తేలిగ్గ ఉంటది. ఇగ నీ ఇష్టం" అంది.

"చెప్పుకునేదే పెట్టుండ్రి మేడం" అన్నాను. అత్తమ్మ నోరు తెరిచి నా వైపు చూసింది.

ఎందుకు అదే అన్నానో చెబుతాను. ఇంతవరకు నన్నెవరూ చివరి దాకా చెప్పనివ్వలేదు. మొదలుపెట్టగానే "ఇడిచిపెట్టు బిడ్డా" అంటారు. నువ్వూ అదే అంటావు. అలా అన్నప్పుడల్లా ఫోన్ ఎందుకు కట్ చేస్తావు, కోపమా అని ఉత్తరంలో అడిగావు. కోపం కాదు. నీకు చెప్పకుండా దాచింది ఒకటుంది.

వరద రోజు తెల్లవారుజామున నీళ్లు ఇంట్లోకి దూకినప్పుడు నేను ప్రహరీ గోడ మీదికెక్కి అత్తమ్మ చెయ్యి పట్టుకున్నాను. నీళ్లు ఆమె మెడ దాకా వచ్చాయి. నా పట్టు జారుతోంది. ఆమె నా ముఖంలోకి చూసి, "ఇడువు పద్మా, ఇడువు. నువ్వన్నా బతుకు" అంది. నేను విడవలేదు. పక్కింటి దిలీప్ తాడు తెచ్చేదాకా విడవలేదు. నన్ను జడిపించేది నీళ్లు కాదు బావా, ఆ మాట. నువ్వు ప్రేమతోనే అన్నా, అది వినగానే నా వేళ్లు మొద్దుబారిపోతాయి. ఫోన్ నేను కట్ చేయడం లేదు. చేతిలోంచి జారిపోతోంది.

మేడం దగ్గర చాలాసార్లు చెప్పాక, ఇంట్లో ఒకరికి చెప్పమంది. వినేవాళ్లు ఊఁ కొట్టాలి, అంతే. అత్తమ్మకే చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతూ ఊఁ కొట్టింది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఊఁ రాలేదు. చేతిలోని కాయలు కింద పెట్టింది.

"అవు, అన్న. ఆ మాట నేనే అన్న. ఇన్నవా మరి? అత్త మాట ఇనని కోడలని ఊరంత చెప్త" అంది. నవ్వుతూనే ఏడ్చింది. గాజు పగిలి కోసుకున్న మణికట్టు మచ్చ చూపించింది. అంత గట్టిగా పట్టుకున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు ఇద్దరం కడుపునిండా తిన్నాం.

గది చూస్తాను, భివండి వచ్చేయండి అని రాశావు. ఇప్పుడు రాను. వైద్యం సగంలో ఆపను. అందులో భాగంగానే వచ్చే వారం వాగు వంతెన మీద నిలబడాలి. నిలబడతాను. కాళేశ్వరం చివరన పెట్టుకున్నాను. నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు ముగ్గురం పోదాం. గోదావరిలోకి నేనే ముందు దిగుతాను, అత్తమ్మ చెయ్యి పట్టుకుని.

ఇది అందిన సాయంత్రం ఫోన్ చెయ్యి. మొదటి నుంచి చెబుతాను. నువ్వేమీ అనకు. ఊఁ కొట్టు, చాలు.

ఇట్లు,
చెయ్యి విడవని నీ మరదలు
పద్మలత