ఇంటిపేరు ముందు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వున్న ఆసుపత్రిలోనే ఇప్పుడు నా పని. కింది గదిలో పెద్ద కంప్యూటర్, పైన కౌంటర్లలో తెరలు. ఏ రోగి ఏ వార్డులో ఉన్నాడని అడిగినా ఆ తెరలకు జవాబు పంపే ప్రోగ్రాం నేనే రాసి, సోమవారం ఎక్కించాను.

ఇవాళ మన కామాటిపుర యాదమ్మ మెట్ల మీద కూలబడి కనిపించింది.

"పొద్దుగాల మా కొడుకును నేనే తోల్కొచ్చిన బిడ్డా. ఇప్పుడు గడ్డం నర్సింలు అనేటోడే లేడంటున్రు."

తప్పు నాదే. ఇక్కడి మరాఠీవాళ్లకు లాగా పేరులో చివరి మాటే ఇంటిపేరని ప్రోగ్రాంలో రాశాను. కౌంటర్లో 'గడ్డం' అని వెతికితే ఎవరూ దొరకలేదు. బళ్లో నేను నా పేరు అట్లా తిప్పి రాసుకున్నందుకు నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా మరిచాను.

'నర్సింలు' అని వెతికి, యాదమ్మను అతని వార్డుకు నేనే తీసుకెళ్లాను. తర్వాత ప్రోగ్రాం దిద్ది, సరిచూడటానికి నీ పేరు కొట్టాను, ఇంటిపేరు ముందు పెట్టి. కంప్యూటర్లోకి ఎక్కించిన నిరుటి రిజిస్టరులోంచి నీ వార్డు, నీ మంచం నంబరు వచ్చాయి. వార్డు నుంచి వెళ్లిన తేదీ ఎవరూ రాయలేదు. తెర లెక్కన నువ్వింకా అక్కడే ఉన్నావు.

ఆ తేదీ గడి నింపాల్సింది నేనే. నింపకుండా ఇంటికొచ్చాను.

గుండ్ల సుజాత