పద్నాలుగు తలుపులు, ఒక్క మిల్లీమీటరు

మహోన్ బే, నోవా స్కోషియా
2017 అక్టోబరు 3

శ్రీ ఎల్డన్ ఐస్నర్ గారికి,

రొవీనా వెంట్‌జెల్ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ, వడ్రంగి కొట్టూ క్షేమం. కార్నర్ బ్రూక్‌లో మీరు కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇంతవరకు రాసేసరికి నాకే నవ్వొచ్చింది. నిన్ను పట్టుకుని గారు ఏమిటి, మీరు ఏమిటి! పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర రంపపు పొట్టు మింగినవాళ్లం. పందొమ్మిదేళ్లుగా ఒక్క ముక్క రాయనిదాన్ని, ఎలా మొదలుపెట్టాలో తెలియక అలా మొదలెట్టాను. కొట్టెయ్యనులే, ఉండనీ.

నాన్న పోయినప్పుడు నువ్వు పంపిన కార్డు ఏప్రిల్లోనే అందింది. హెర్మన్ గారు గొప్ప పనివాడు, నాకు పని నేర్పింది ఆయనే అని రెండు వాక్యాలు రాశావు. నీకు మొదట్నుంచీ మాటల్లో పొదుపే. కింద నీ పేరు ఒక్కటే ఉంది. పక్కన ఇంకెవరి పేరైనా ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను, సిగ్గులేనిదాన్ని. లేదు. ఆ రోజు కొట్టు మూసేసి సముద్రం ఒడ్డున చాలాసేపు కూర్చున్నాను.

ఇంతకీ ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, పెర్ల్ అత్త వల్ల. మన చర్చి హాలు వంటగదికి ఇప్పటికీ ఆవిడే మహారాణి. ఎనభై రెండేళ్లొచ్చాయి, గొంతు మాత్రం రవ్వంత తగ్గలేదు. కిందటి నెల ఫోను చేసి, ఏమే రొవీనా, మీరు బిగించిన హ్యాండిళ్లు ఒక్కొక్కటీ ఊడి నా చేతికొస్తున్నాయే, కింద అర తెరవాలంటే వెన్న రాసే కత్తి దూర్చి పెకలించాల్సొస్తోంది, వచ్చే నెల ఇరవై రెండో తారీకున క్యాబేజీ ఊరగాయ భోజనాలు, రెండు వందల మంది తింటారు, వడ్డించే గిన్నెలు నీ నెత్తిమీంచి తియ్యమంటావా అని ఊపిరి తీసుకోకుండా తిట్టింది. వస్తున్నానత్తా అని పెట్టె సర్దుకుని వెళ్లాను.

వంటగది అలమరల పై తలుపులు పన్నెండింటికీ హ్యాండిళ్లు రాయిలా ఉన్నాయి. ఒక్కటి కదిలితే ఒట్టు. కింద తలుపులు పద్నాలుగూ వదులే. మొదటి హ్యాండిల్ విప్పగానే చిల్లులోంచి అగ్గిపుల్లలు రాలాయి. ఆ రోజు నాన్న కుక్కినవి! ఆదివారం హాలు తెరవాలి, తలుపులు మళ్లీ చేసే వ్యవధి లేదు, ఇలా బిగించండి, చచ్చినట్టు నిలుస్తాయి అన్నాడు. పందొమ్మిదేళ్లు నిలిచాయి మరి, ఆయన మాట తీసెయ్యడానికి లేదు.

నీకు తెలియనిదేం కాదు, అయినా రాయకుండా ఉండలేను. మన బతుకే రెండు కొలతల బతుకు. చలిని సెల్సియస్‌లో తిట్టుకుంటాం, రొట్టె కాల్చే పొయ్యిని ఫారెన్‌హీట్‌లో పెడతాం. చెక్క అంగుళాల్లో కొంటాం, దానికి బిగించే సామాను మిల్లీమీటర్లలో వస్తుంది. ఆ హ్యాండిళ్ల పెట్టె మీద నూట ఇరవై ఎనిమిది అని కొట్టొచ్చినట్టు రాసి ఉంది. చిల్లులు ఎక్కడ పొడవాలో తెలియడానికి తలుపు మీద ఆనించే కొలత పలక ఉంటుంది కదా, కింద తలుపుల పలకలో రెండు చిల్లుల మధ్య దూరం అయిదు అంగుళాలు పెట్టారు. అంటే నూట ఇరవై ఏడు. ఒక్క మిల్లీమీటరు! మొదటి మర బిగుస్తుంది, రెండోది అందదు. అప్పుడైనా టేపు తీసి కొలిచి చావాలా? లేదు. చిల్లు కాస్త పెద్దది చేస్తే సరిపోతుందిలే అనుకుని పద్నాలుగు తలుపులూ పొడుచుకుంటూ పోయాం. నాన్న మధ్యాహ్నం వచ్చి చూసేసరికి ప్రతి హ్యాండిలూ తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగి ఉంది.

చెరో పలకా చేశాం కదా, చూడ్డానికి రెండూ ఒకేలా, పైవాటికి ఒకటి, కిందవాటికి ఒకటి. కిందది నాదేనండీ అని నువ్వు అందరి ముందూ ఒప్పుకున్నావు. నాన్న నమ్మాడు, హాలు కమిటీ నమ్మింది, ఊరు నమ్మింది. ఇప్పటికీ పెర్ల్ అత్త పై తలుపులు చూపించి, చూశావుటే, ఆడపిల్లవైనా నీ చెయ్యి ఎంత నిక్కచ్చో, ఆ ఎల్డన్ గాడి తొందర వల్లే ఇంత తంటా అంటుంది. నేను పనిలో తల దూర్చేసుకుంటాను.

తలుపులు ఇప్పుడు ఎలా బాగుచేస్తున్నానో చెప్తా విను, నీకు నచ్చుతుంది. అత్త ఏమో వెనక తలో ఇత్తడి రేకూ పెట్టేసి మూసెయ్యవే, ఎవరు చూడొచ్చారు అంది. రేకులూ గీకులూ ఒద్దత్తా అన్నాను. కోలగా అరిగిపోయిన చిల్లుని ముందు గుండ్రంగా, శుభ్రంగా తొలుస్తున్నాను. అదే బర్చ్ చెక్కతో బిరడా చేసి, దాని పీచు తలుపు పీచుతో కలిసేలా తిప్పుకుని, జిగురు రాసి దిగ్గొడుతున్నాను. ఒక రోజంతా ఆరాక ఉలితో సమం చేసి, ఉప్పుకాగితం పట్టి, రంగు కలిపి, అప్పుడు నూట ఇరవై ఎనిమిదికి కొత్త చిల్లులు. దగ్గర కూర్చుని చూస్తేగాని ఆ మచ్చ కనబడదు. నాకు కనబడుతుందనుకో. రోజుకి రెండు తలుపుల కంటే సాగడం లేదు. అయిదు అయ్యాయి, తొమ్మిది ఉన్నాయి.

అక్కడ మోకాళ్ల మీద కూర్చుని పని చేస్తుంటే నువ్వే గుర్తొస్తున్నావు. మర బిగించే ముందు దాన్ని సబ్బుముక్కకి రాసేవాడివి. చిల్లులోంచి పొట్టు ఊదినప్పుడల్లా నీ కళ్లలోనే పడేది, ప్రతిసారీ, బుద్ధి లేకుండా. నన్ను రో అని పిలిచేవాడివి. నువ్వు వెళ్లాక ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, నేనూ పిలవనివ్వలేదు. ఈ పని కాగానే నాన్నకి చెబుదాం, క్రిస్మస్‌కి పెళ్లి చేసుకుందాం అని హాలు మెట్ల మీద నువ్వన్న మాటకి నేను సరేనన్నాను. సరేనన్నదాన్ని, నువ్వు బస్సెక్కుతుంటే చూడ్డానికైనా రాలేదు. పెట్టె మీద అంకె చదవలేనివాడికి నా కొట్టు, నా కూతుర్ని ఎలా ఇస్తానే అని నాన్న అరిచాడు. నేను బదులు చెప్పలేదు. నువ్వు రెండు రోజులు ఊళ్లోనే ఆగావని తర్వాత తెలిసింది.

నేను పెళ్లి చేసుకోలేదు. అడుగుతావో అడగవో అని నేనే చెప్పేస్తున్నాను. నువ్వంటే బెంగ తగ్గుతుందనుకున్నాను, ఎల్డన్. తగ్గలేదు. యాభై మూడేళ్లొచ్చాక కూడా తగ్గకపోతే ఇంక తగ్గేది కాదని అర్థమైంది.

నీకు వీలుంటే ఒకసారి రా. రాత్రి ఓడ ఎక్కి సముద్రం దాటితే తెల్లారేసరికి మన ఒడ్డున నార్త్ సిడ్నీలో దిగుతావు, అక్కడికి బండేసుకుని వస్తాను. భోజనాల దాకా ఉండు. నాన్న లేడు, నిన్ను ఒక్క మాట అనేవాళ్లు లేరు. పాత సంగతులు ఎవరు పట్టించుకుంటారు ఇప్పుడు.

చలి మొదలైంది, ఛాతీ జాగ్రత్త. జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. అబద్ధం, అనుకుంటాను.

నీ
రో

తా.క. అక్టోబరు 5. ఉత్తరం కవరులో పెట్టి రెండు రోజులైంది, డబ్బాలో వెయ్యడానికి చెయ్యి రావడం లేదు. పాత సంగతులు ఎవరు పట్టించుకుంటారు అని రాశానే, ఆ వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను.

ఇవాళ హాల్లో ఆడవాళ్లు పదిమంది క్యాబేజీ తరుగుతున్నారు. పెర్ల్ అత్త మళ్లీ మొదలెట్టింది, ఆ ఎల్డన్ గాడు అని. ఉలి కింద పెట్టి లేచి నిలబడ్డాను. వాణ్ణి ఏమీ అనకండి, కింద తలుపుల పలక చేసింది నేను అన్నాను. గట్టిగానే అన్నాను.

నా పేరు మీద వచ్చిన మొదటి పని అది. హెర్మన్ కూతురి చేతికి డ్రిల్లు ఇస్తే ఇంతే అవుతుందని అనడానికి సగం ఊరు కాచుకు కూర్చుంది. భయపడ్డాను. అదీ చెప్పాను. ఎవరూ తిట్టలేదు. అత్త మాత్రం చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, మరి ఈ మాట వాడికి చెప్పావుటే అని అడిగింది.

చెప్తున్నాను ఎల్డన్. పలక మీద నేను పెన్సిలుతో అయిదు అని వేసి, పక్కన నా పేరులో మొదటి అక్షరం రాసుకున్నాను. నాన్న ట్రక్కు వాకిట్లో ఆగగానే నువ్వు దాన్ని బొటనవేలితో రుద్ది చెరిపేశావు. ఆ తప్పు పలక నాదని నాకు తెలియదనుకునే ఇన్నేళ్లూ ఉన్నావు. నేను నీ వెనకే నిలబడి ఉన్నాను. చూశాను.