నా కుట్టుకి కట్టిన ధర

నవంబరు 19, మంగళవారం సాయంత్రం
ఇంటి నుంచి

చిరంజీవి పెద్దోడికి,

మీ అమ్మ ముందు దీవించి, తర్వాత తిట్టి రాయించే ఉత్తరం. ఇక్కడ నా ఒళ్లు బాగుంది, నోరు అంతకంటే బాగుంది. అక్కడ నువ్వు స్పాన్సర్ల గుమ్మాల చుట్టూ తిరుగుతూ వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. తినకపోతే ముందు తిని, తర్వాత ఇది చదువు.

ఫోనుండగా ఉత్తరమేంటంటావు. ఫోనులో నా మాట సగంలో ఉండగానే సరేలే అమ్మా, తర్వాత మాట్లాడదాం అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. రాస్తున్నది కింది వాటాలో ఉండే స్టెనోగారు. నా నోటి వేగానికి తట్టుకునే చెయ్యి ఈ భవనంలో ఆయనదొక్కటే. నా మాటల్ని మర్యాదగా మార్చబోయాడు, వద్దన్నాను. అంతా చదివించుకుని విన్నాకే వేలిముద్ర వేస్తాను. నాకు చదవడం రాదు గానీ వినడం బాగా వచ్చు.

ఒరేయ్, నిన్న పొద్దున నీ లాయరు వచ్చాడు. కుట్టు గదిలో కుర్చీ ఖాళీ లేక ఫోము కట్ట మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లోపలికి దిగబడిపోయాడు. మోకాళ్లు గడ్డానికి ఆనుతుండగా ఒక కాగితం తీసి, అమ్మగారూ, ఇక్కడొక వేలిముద్ర వేస్తే చాలు, కారు పందేల్లో మీ మనవరాలి మూడో స్థానం చెక్కుచెదరదు అన్నాడు. ముందు చదువు బాబూ అన్నాను. చదివాడు. ఈ వృద్ధురాలు కుటుంబం మీది మమకారంతో, కాలక్షేపం కోసం, అప్పుడప్పుడూ మెత్తలు కుట్టేది, ఆ పనికి బజారులో విలువ లేదు అని ఉంది. వృద్ధురాలు అన్నందుకు ఏమీ అనుకోలేదు, ఉన్నమాటే కదా. కాలక్షేపం దగ్గర మాత్రం ఆగమన్నాను. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే ఉంది!

అతను నా మొహం చూసి, మీ పనికి విలువ లేదని కాదండీ, లెక్కల్లో విలువ లేదని మాత్రమే అన్నాడు. బాబూ, ఈ మాట నేను పెళ్లయినప్పటి నుంచీ వింటున్నాను, ఇంట్లో విలువ, లెక్కలో సున్నా, కొత్తదేమైనా ఉంటే చెప్పు అన్నాను. సిరా డబ్బా మూతపెట్టి అతని చేతికిచ్చాను. ఫోములోంచి లేవడానికి చెయ్యి కూడా అందించాను. అంత మర్యాదగా పంపాను.

రేపు పది గంటలకి పందేల కమిటీ ముందు విచారణ. నేనే వెళ్తున్నాను. అక్కడ చెప్పబోయేదంతా ముందుగా నీ మీద వల్లె వేసుకుంటాను, నీకు తెలిసిందే అయినా ఓపిగ్గా విను.

పందేలు నడిపే వాళ్లు ఒక గీత గీశారు. ఏ టీమూ ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని. ఎందుకంటే డబ్బున్నోడే ప్రతి ఏడూ గెలిస్తే అది పందెం కాదు, వేలంపాట. ఈ మాట నాది కాదు, నీదే. ఊరికే వచ్చిన వస్తువుకీ, ఊరికే చేయించుకున్న పనికీ బజారు ధర కట్టి ఆ గీత లోపలే కలపాలని కూడా పెట్టారు. మంచి పని చేశారు. లేకపోతే ప్రతి టీమూ ఇంజన్లన్నీ మేనమామ కానుకిచ్చాడనే చెబుతుంది.

నువ్వు నీ టీము లెక్కలో నట్టు నుంచి టైరు దాకా అన్నీ రాయించావు. గీతకి వెంట్రుకంత దూరంలో ఆగావు. అమ్మ కుట్టిన సీటు మెత్తలు మాత్రం రాయించలేదు. మోసం చేద్దామని కాదు, నాకు తెలుసు. అవి అసలు ఖర్చేనని నీ బుర్రకి తట్టలేదు. నాకు ఎక్కువ కోపం వచ్చింది దాని మీదే.

లెక్కలు చూడమని కమిటీ పంపిన ఆడిటరమ్మ వచ్చిన రోజు సంగతి నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. పొట్టి మనిషి, మెడలో కళ్లద్దాలు. నా గదిలోకి వచ్చి, కత్తిరింపు బల్ల పక్కన స్టూలు లాక్కుని, పొద్దుటి నుంచి భోజనం వేళ దాకా నేను కుడుతుంటే చూసింది. మధ్యలో ఒక్కసారి కూడా ఫోను తియ్యలేదు. మంట అంటుకోని ఆ గుడ్డ ఎంత మొండిదో నీకు తెలుసు. మిషను సూది రెండుసార్లు విరిగి, మిగిలింది దబ్బనంతో కుట్టాల్సి వచ్చింది. దీనికెంత తీసుకుంటారండీ అని అడిగింది. కన్నకొడుకు దగ్గర ఏం తీసుకుంటానమ్మా అన్నాను. అయితే బయటివాళ్లు ఎంత తీసుకుంటారో కనుక్కుంటాను అని, నా మెత్తొకటి పట్టుకెళ్లి, రేసు సీట్లు కుట్టే పెద్ద దుకాణాల్లో చూపించి, వారం తర్వాత మళ్లీ వచ్చింది. అంకె చెప్పింది. నాకు వినపడలేదన్నాను. మళ్లీ చెప్పింది. వినపడింది కానీ ఇంకోసారి చెప్పమ్మా, బాగుంది అన్నాను! నవ్వుతూ మూడోసారి కూడా చెప్పింది.

పెద్దోడా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్నతో కలిసి బస్సు సీట్లు కుట్టిన రోజుల్లో ఆ షెడ్డు బోర్డు మీద మీ నాన్న పేరే ఉండేది, కూలి మీ నాన్న చేతికే వచ్చేది. ఆయన మంచివాడే, కాదనను. కానీ ఇది ఈవిడ చేతిపని, దీని ధర ఇంత అని నా ఎదుట నిలబడి చెప్పిన మనిషి ఈ జన్మకి ఆవిడొక్కతే. ఆ అంకె కలిపితే నీ టీము గీత దాటిందని కూడా ఆవిడే చెప్పింది. ఒక చెవిలో బాజాలు, ఇంకో చెవిలో పిడుగు. ఏ చెవి మూసుకోను?

దాటింది కొంచెమే. కొంచెమే కదా అని నువ్వు లాయరుని పెట్టావు. నిరుడు పచ్చ కార్ల టీము గీత దాటినప్పుడు ఏం జరిగింది? వాళ్లూ కొంచెమే అన్నారు. కమిటీ జరిమానా వేస్తే నవ్వుకుంటూ కట్టి పోయారు. ఆ రోజు నువ్వు టీవీ ముందు నిలబడి, వాళ్లకి జరిమానా అంటే టీ ఖర్చు, పాయింట్లు కొయ్యాలి, టెస్టు రోజులు కొయ్యాలి అని అరిచిన అరుపుకి స్టెనోగారు కింది నుంచి పైకొచ్చాడు. ఆయన ఇప్పుడు రాస్తూ తలూపుతున్నాడు. ఆ అరుపు న్యాయమైనదేరా. అదే న్యాయం ఈ ఏడు మనింటికొచ్చి తలుపు తడితే, ఇంట్లో ఎవరూ లేరని లాయరు చేత చెప్పిస్తావా?

కాబట్టి రేపు కమిటీకి నేను చెప్పేది ఇది. అయ్యా, నేను కుట్టాను. అది పనే. ఆడిటరమ్మ కట్టిన ధరలో పైసా తగ్గించొద్దు. మా వాడు గీత దాటాడు, శిక్ష వెయ్యండి. కానీ తప్పు చేసిన చోట వెయ్యండి. జరిమానా టీము ఖాతాలోంచి కట్టనివ్వొద్దు, కట్టనిస్తే వచ్చే ఏడు కోతపడేది చక్రాలు మార్చే కుర్రాళ్ల జీతాలకే. వాడి సొంత జేబులోంచి కట్టించండి. పోటీల్లేని రోజుల్లో కారుని ట్రాకు మీద తిప్పి సరిచూసుకుంటారే, ఆ టెస్టు రోజులు సగానికి కొయ్యండి. డబ్బు మళ్లీ సంపాదిస్తాడు, పోయిన ట్రాకు రోజుని ఎవరూ అమ్మరు. అప్పుడుగానీ నొప్పి తెలీదు. మా మనవరాలు ఉడత పాయింట్ల జోలికి మాత్రం రావొద్దు. దానికి కారు నడపడం తెలుసుగానీ కాగితాలు తెలీవు. లెక్క రాయనిది వాళ్ల నాన్న. పిల్లది చెమటోడ్చి తెచ్చుకున్న మూడో స్థానం పిల్లదే.

ఎలా ఉంది? స్టెనోగారు బాగుందన్నాడు, కొంచెం నెమ్మదిగా చెప్పమన్నాడు. నెమ్మదిగా చెబితే అది నేను చెప్పినట్టుండదు.

లాయరు అక్కడ ఒక మాట ఎత్తుతాడని ఉడత చెప్పింది. మెత్త ఒకసారి కుడితే చాలదా, ఈవిడ ప్రతి పందేనికీ ముందు విప్పి కుట్టింది, అది ముసలావిడ చాదస్తం కాక ఏంటి అని. ఆడిటరమ్మ కూడా అడిగింది, అన్నిసార్లు ఎందుకని. అవసరమైంది కాబట్టి అన్నాను. అంతకు మించి నేను చెప్పను.

నీ మీద కోపం ఉంది. దీవెన కూడా ఉంది. రెండూ ఒకే కవర్లో పంపిస్తున్నాను, విడదీసుకోవడం నీ పని.

ఇట్లు,
కాలక్షేపానికి నిన్ను కనని
మీ అమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. ఇది బుధవారం సాయంత్రం రాయిస్తున్నాను. పొద్దున్నే పోస్టు చేద్దామనుకున్న కవరు హడావుడిలో బల్ల మీదే ఉండిపోయింది, మంచిదైంది. లాయరు ఈపాటికి నీకు ఫోను చేసి ఉంటాడు. అతను చెప్పనిది నేను చెబుతాను.

ఉడతే నన్ను కారులో తీసుకెళ్లింది. పొడుగాటి బల్ల, ముగ్గురు పెద్దమనుషులు. మధ్యలో కూర్చున్న పెద్దాయనకి జలుబు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను, ఎక్కడా తడబడలేదు. వెనక కూర్చున్న ఆడిటరమ్మ తల దించుకుని నవ్వుకోవడం చూశాను కూడా. తర్వాత నీ లాయరు ఉడతని పిలిచాడు. ఈ మెత్త ఇంట్లో సోఫా దిండు లాంటిదే కదమ్మా, ఉంటే సుఖం, లేకపోయినా నడుస్తుంది కదా అన్నాడు. అవునంటే చాలు, మూడో స్థానం దానిది.

నేను దాని వైపు చూడకుండా కిటికీ వైపు చూశాను. ఉడత లేచి నిలబడి చెప్పింది. లేదండీ, ఐదో పందేనికి ముందు ప్రాక్టీసులో గోడకి కొట్టాను, డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు, వారం తర్వాత నడుములో నొప్పి మొదలైంది, చెబితే మా నాన్న కారులోంచి దింపేస్తాడని దాచాను, నాయనమ్మకి మాత్రమే తెలుసు అంది. వాపు ఎటు తిరిగితే అటు గుల్ల చేసి, ప్రతి పందేనికీ నాయనమ్మే మెత్త విప్పి మళ్లీ కుట్టిందని చెప్పింది. ఆ మెత్త లేకపోతే సగం పందేల్లో నేను కారులో కూర్చునేదాన్నే కాదు అంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. నాయనమ్మ పని లెక్కలో ఉంటే, దానివల్ల వచ్చిన పాయింట్లు కూడా లెక్కలో ఉండాలి కదండీ అంది.

జలుబు పెద్దాయన రుమాలు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. నీ లాయరు కూర్చున్నాడు.

మధ్యాహ్నం తీర్పు చెప్పారు. జరిమానా నీ జేబులోంచి, వచ్చే ఏడు టెస్టు రోజులు సగం, ఈ రెండూ నేనడిగినట్టే. ఐదో పందెం తర్వాత వచ్చిన పాయింట్లలో కొంత కోత, అది ఉడత అడిగినట్టు. మూడో స్థానం పోయింది, ఇప్పుడది నాలుగు. పని అంత కష్టమైనదని ఇప్పుడే తెలిసింది, నేను ధర తక్కువ కట్టాను, సరిదిద్దుతాను అని ఆడిటరమ్మ లేచి చెప్పింది. నవ్వాలో ఏడవాలో నాకు తెలీలేదురా! ఉడత వరండా మెట్ల మీద కూలబడి రెండూ చేసింది. తర్వాత ఆకలేస్తోంది నాయనమ్మా అంది.

నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. అడిగితే చెప్పేదాన్ని. ఏడాదంతా నా బల్ల పక్క నుంచే తిరిగావు. మెత్త విప్పుతుంటే చూశావు, మళ్లీ కుడుతుంటే చూశావు. ఎందుకమ్మా అని ఆడిటరమ్మ అడిగింది, చివరికి నీ లాయరుకి కూడా అనుమానం వచ్చింది. నువ్వు అడగలేదు. దాని మొహంలోకి చూసి, నొప్పిగా ఉందా తల్లీ అనైనా అడగలేదు.

వచ్చే ఏడు నాకు జీతం రాయి, గీత లోపలే రాయి. ఎక్కడ తగ్గించుకుని రాస్తావో నీ ఇష్టం. అంతకంటే ముందు ఆ స్పాన్సర్లని వదిలేసి ఇంటికి రా, పిల్లదాన్ని మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. దాని నడుము బాగుపడిందని ఆ డాక్టరు నా ఎదుట చెప్పేదాకా ఆ కారుకి నేను ఒక్క కుట్టు కూడా వెయ్యను. ఎవరు ఎంత ధర కట్టినా వెయ్యను.